బూడిద కింది ఊరు, సల్వాలో తాళం

"పెద్దమ్మా, ఎల్లుండి మా యజమానురాలు మామా వాళ్ళతో పాటు నేనూ ఇటలీకి పోతాండా. ఆ బూడిదలో పూడిపోయిన ఊరు చూపిస్తారంట. నువ్వు పోయొచ్చినావంట గదా, ఎట్లుంటాదో రొంత చెప్పు."

కూర్చోమ్మే భార్గవీ, కూర్చో. ముందు ఆ తాళాల గుత్తి తీసి పక్కన పెట్టు. సంచికి తగిలించుకొని గలగలమనిపిస్తాంటే నాకు చెవులు పడవు. మీ మామా ఇచ్చిందా? మిష్రిఫ్ ఇంటి తాళాలన్నీనా? రెండేండ్లకే ఇచ్చేసిందే! నాకు ఈ కోవైట్‌లోనే ఆ సల్వా పేట ఇంట్లో గుత్తి చేతికి రావడానికి తొమ్మిదేండ్లు పట్టింది. సరే, ఆ ముచ్చటకు మళ్ళా వస్తా.

ఇటలీ. పోయినా. కరోనాకు ముందు ఎండాకాలం. కాదు, దానికీ ముందు ఎండాకాలమేమో. మా చిన్నోడికి రెండో కూతురు పుట్టిన ఏడు. ఏదో ఒకటిలే. సల్వా మామా, ఆమె మొగుడు బాబా, మామాను కన్నతల్లి, నేను. ఆ ముసలామెను నేను పెద్దమామా అంటాంటిని. ఆమె కోసరమే నన్ను తీసుకపోయింది, నన్ను తిప్పి చూపించడానికి కాదు. పెద్దమామాకు మోకాళ్ళు పోయినాయి. నా చెయ్యి పట్టుకుంటేనే అడుగు. బాత్రూముకు నా చెయ్యి, మెట్లకు నా చెయ్యి. చక్రాల కుర్చీ అంటే ఆమెకు మంట, "నేనేం రోగిష్టిదాన్నా" అనేది. కుర్చీ ఎందుకులే, చెంగమ్మ ఉండాది గదా!

ఆ ఊరి పేరు పొంపేయి. రెండు వేల ఏండ్ల నాటిదంట. పక్కనే కొండ, ఇప్పటికీ ఉండాది, నీలంగా, ఏమీ ఎరగనట్టు. అది పగిలి బూడిదా రాళ్ళూ పోసేసిందంట ఊరిమీద. పోయినోళ్ళు పోయినారు, ఉన్నోళ్ళు ఉన్నట్టే పూడిపోయినారు. తవ్వి తీసినారు. దావలన్నీ నల్లటి బండలు. మన కడప బండ మాదిరి సాపుగా ఉంటాయనుకునేవు, కాదు, గుండ్రంగా ఉబ్బుంటాయి, బండి చక్రాలు తిరిగి తిరిగి గాడి పడిండాది. చెప్పులు మెత్తటివి ఏసుకో. మడమ చెప్పులు వద్దు, వింటాండావా? మామా పిల్లల బరువు కూడా నీ మీదే పడతాది ఆడ.

మనకు గుంపుతో పోయే పని లేదు. డబ్బున్నోళ్ళకు వేరే దావ. పొద్దున్నే, జనం రాకముందు, మనకోసరమే ఒక గైడమ్మ. అరబ్బీ మాట్లాడేదాన్నే పట్టినారు బాబా. ట్యునీసులో చదువుకున్నదంట, పొట్టి జుట్టు, మగోళ్ళ బూట్లు, ఎండకు కాలిన మొగం. చూడంగానే నాకు నచ్చె. ఆమె ఎనకాల ఒక కాపలా ఆయన. చేతిలో గుత్తి, ఇంతింత తాళాలు. అందరికీ మూసిండే ఇండ్లు మనకు తెరిచి చూపిస్తారు, అదే గొప్ప ఆ ప్రైవేటు టూరులో.

ఆ గుత్తి చూడంగానే నాకు సల్వా ఇల్లు గుర్తొచ్చెనమ్మే.

ఎందుకంటే... అసలు సంగతి అది. ఊరు ఎట్లుందని అడిగితే ఏం చెప్తా, నా కండ్లు ఆడుంటే గదా. మనసంతా సల్వాలో ఉండె. రమణమ్మ ఫోను ఎత్తక అప్పటికి రెండు దినాలు.

రమణమ్మ నీకు తెలీదు. రాయచోటి పక్కామె. నాకంటే పన్నెండేండ్లు చిన్నది. ఆ ఇంట్లో నేను వంటకూ ముసలామెకూ, ఆ యమ్మ ఊడ్చడానికీ ఉతకడానికీ. మాటకు ముందు నవ్వు వచ్చేది దానికి. సంగటి కెలికినాదంటే, ఆ కోవైట్ పిండితోనే, మా అమ్మ కెలికినట్టుండేది. ఆ ఏడు మేం ఇటలీకి పోతే ఆ యమ్మను ఇంట్లో పెట్టి పోతిమి. పద్నాలుగు దినాలు. ఒక్కదాన్నే. ఇంటికి తాళమేసి.

అట్ల చూడొద్దు. నీకు తెలీదా ఏంది? మనల్ని పెట్టి పోతే బయట తాళమెయ్యడం ఈడ ఎన్ని ఇండ్లల్లో లేదు? "నీ మంచికే, దొంగలొస్తే" అంటారు. దొంగలెవరు, మనమే! తలుపు తెరిచిపెడితే మనం పారిపోతాం, లేకుంటే ఎవర్నో లోపలికి పిలుచుకుంటాం. ఆడది ఒక్కతే ఇంట్లో ఉంటే వాళ్ళకు అవి రెండే తోస్తాయి. వచ్చిన కొత్తల్లో నన్నూ ఏసి పోయేవోళ్ళు. మొదటి మారు ఏడ్చినా. కిటికీ కమ్మీలు పట్టుకొని, రోడ్డు మీద పోయే మిస్రీ ఆయన్ని, అదే ఈజిప్టాయన్ని, సలాం సలాం అని పిలిచినా, ఊరికే, మనిషి గొంతు కోసరం. ఆయన తల దించుకొని పాయె. అప్పట్లో ఫోను అంటే కార్డు గోకాల, ఒక దినారు కార్డుకు పది నిమిషాలు గూడా వచ్చేది కాదు, మా అమ్మ "బాగుండావా" అనేలోపల అయిపోయేది. ఇప్పుడు మీకేమి, వీడియోలో కూర పోపు గూడా చూపిస్తారు.

ఏం చెప్తాంటిని? ఆ. తాళం.

తొమ్మిదేండ్ల తర్వాత మామా ఆ గుత్తి నా చేతికిచ్చె. "నువ్వు మా ఇంటి మనిషివి చెంగమ్మా" అనె. ఎంత మురిసిపోయినానో! నడుముకు కట్టుకొని తిరిగినా. నన్ను లోపలేసినప్పుడు ఏడ్చినదాన్ని, తాళం చేతికొచ్చినప్పుడు నవ్వినా చూడు, అదీ మన బతుకు. అప్పట్నుంచీ ఊరికి పోయేటప్పుడు ఇల్లు మూసే పని నాది. మొదట వంటింటి తలుపు, ఆమీట ఎనక ఇనప తలుపు, ఆఖరుకు ముందు తలుపు. మూడూ లాగి చూసి, గుత్తి తీసుకపోయి కారులో మామా చేతికియ్యాల. అట్లనే ఆ దినమూ ఇచ్చినా.

అంటే రమణమ్మను ఏసింది నేనే. లోపల నిలబడి "అక్కా, ఇటలీ నుంచి నాకేం తెస్తావ్" అని నవ్వుతాంది, నేను "నీకొక తెల్లోణ్ణి తెస్తాలే" అని తాళం తిప్పినా. రెండు చుట్లు.

మొదటి నాలుగు దినాలు ఫోనులో బాగానే మాట్లాడె. ఐదో దినం ఎత్తలేదు. ఆరో దినం అసలు మోగనే లేదు. మామాకు చెప్పినా. "నిద్ర పోతాంటాది, ఎవరూ లేరని పండగ చేసుకుంటాంది" అనె. మళ్ళా చెప్పినా. "నీకు మాత్రం ఇంత మంచి దేశంలో కూడా ఏడుపే" అనె. పాస్‌పోర్టు ఆమె సంచిలో. తాళాలు ఆమె సంచిలో. ఇంకేం మాట్లాడతా? ఎండాకాలం, ఆగస్టు. కోవైట్ ఎండ నీకు చెప్పాల్నా. ఏసీ ఆగితే ఇల్లు ఇటుకల బట్టీనే గదా.

ఆ భయంతో పోతిమి ఏడో దినం పొద్దున ఆ బూడిద ఊరికి.

గైడమ్మ చెప్తాంది, నేను పెద్దమామా చెయ్యి పట్టుకొని నడిపిస్తాండా, ఇంకో చేత్తో మామాకు గొడుగు, భుజాన చాయ్ ఫ్లాస్కు. రొట్టెల అంగడి చూపించె. తిరగలి రాళ్ళు ఉండాయి, నా ఎత్తు. గాడిదలు లేకుంటే మనుషులే తిప్పేవోళ్ళంట. రోడ్డు పక్కన కూడు అమ్మే కొట్లు, అరుగులో కుండలు పూడ్చిండేవి. బాబా ఫోటోలు తీస్తాండె. ఆమీట ఆ కాపలా ఆయన తాళం తీసి ఒక పెద్దింటి లోపలికి పిలుచుకపోయె. అబ్బా, ఆ ఇల్లు! గోడలకు ఎర్ర రంగు ఇంకా తడిగా ఉన్నట్టుండాది, చెట్లూ పిట్టలూ రాసిండారు, నడిమిట్ల నీళ్ళ తొట్టి. మామా "చూడు, మన దీవానియా కంటే చిన్నదే" అనె బాబాతో. దీవానియా అంటే వాళ్ళ మొగోళ్ళు కూర్చునే పెద్ద గది, నీకు తెలుసులే.

ఆ అందం అయిపోయినాక, వంటింటి ఎనక, గైడమ్మ ఇంకొక తలుపు దగ్గర నిలబడె. "ఇది ఊరికే చూపించము" అనె. చిన్న గది. కిటికీ లేదు, పైన బొక్క ఒకటి, చెయ్యి పట్టేంత. రెండు మంచాల గుర్తులు, ఒక కుండ. మంచం కాళ్ళు పెట్టిన చోటు గూడా తెలుస్తాంది. నేను గడప మీద నిలబడి అడుగులు లెక్కబెట్టినా, నాకు తెలీకుండానే. అటు నాలుగు, ఇటు మూడు. సల్వాలో మెట్ల కింద మా గది, నాదీ రమణమ్మదీ, అంతే. సరిగ్గా అంతే.

"ఈడ ఎవరు పండుకునేవోళ్ళు?" అంటిని.

మామా తిరిగి చూసె. టూరులో నేను మాట్లాడింది అదే మొదలు.

"అబీద్" అనె గైడమ్మ. అబీద్ అంటే బానిసలు, తెలుసు గదా.

"కొండ పగిలినప్పుడు ఇంటోళ్ళు ఏమైనారు?"

"ఈ ఇంటోళ్ళ సంగతి తెలీదు. చానామంది ముందే పోయినారు. రాళ్ళు పడటం మొదలైనాక పొద్దు ఉండె, బండ్లూ పడవలూ ఉన్నోళ్ళు పోయినారు. ఇల్లు చూసుకోమని కొందరిని పెట్టి పోయింటారు."

"గడియ బయటికా, లోపలికా?" అంటిని.

ఆ గైడమ్మ నన్ను అప్పుడు చూసె. అప్పటిదంకా గొడుగుకు చెయ్యి మొలిచినట్టు చూసింటాది, పాపం, అందరి మాదిరే. గోడలో ఒక బొక్క మీద వేలు పెట్టి చూపించె. "బయటికి" అనె.

"ఎవరేసింటారు? దొరసానా?"

"దొరసాని చెయ్యి పెట్టదు. తాళాలు చూసుకునేదానికి ఒక మనిషి ఉంటాడు, నమ్మకమైనోడు. ఆయన గూడా బానిసే."

అంతే ఆమె అనింది. రెండు చుట్లు తిప్పిన ఈ చెయ్యి చూడు, ఇదే, నేను దాన్నే చూస్తా నిలబడినా. పెద్దమామా చెయ్యి దాంట్లోనే ఉండె. ఆమె "ఏమైంది చెంగమ్మా, సరిగ్గా పట్టుకో" అనె.

నేను వదిలేసినా.

దొబ్బలేదు, ఏమీ లేదు. ఆమెను గడప పక్కన బండ మీద కూర్చోబెట్టి, నేనూ పక్కన కింద కూర్చుంటి. గొడుగు మడిచి ఒళ్ళో పెట్టుకుంటి. "మామా, మీ తమ్మునికి ఫోన్ చెయ్యి. పోయి తలుపు తియ్యమను. రమణమ్మను చూసినాక లేస్తా" అంటిని.

"ఇప్పుడా? ఈడనా? గంటలెక్కన ఆమెకు డబ్బులిస్తాండాం! యల్లా, లే!"

"లెయ్యను మామా."

"ఖలాస్, ఈడి నుంచి నేరుగా మీ ఊరికే టికెట్ తీసి పంపిస్తా నిన్ను."

"పంపించు. ఈడి నుంచి వాకిలి దంకా పెద్దమామాను ఎవరు నడిపిస్తారో చెప్పి పంపించు."

ఆ మాట నా నోట్లోంచి ఎట్ల వచ్చిందో నాకే తెలీదమ్మే. పందొమ్మిదేండ్లల్లో ఎదురు మాట్లాడలే. ఉప్పు ఎక్కువైందంటే సరే అన్న్యా, తక్కువైందంటే సరే అన్న్యా. బాబా గోడమీద పిట్టలకు ఫోటో తీస్తానే ఉండాడు, ఆడోళ్ళ గొడవ గదా! మామా వచ్చి వాళ్ళమ్మ రెక్క పట్టి లేపబోయె. ముసలామె కెవ్వుమనె. ఎట్ల పట్టుకోవాల్నో తెలీదు మామాకు. కన్నకూతురే, కానీ చంక కింద పట్టాలని, నడుముకు ఆనించుకోవాలని, ఎడమ కాలు ముందు పెట్టించాలని తెలిస్తే గదా. అవి నాకు తెలుసు.

పెద్దమామా ఏమనిందో తెలుసా? నా మీద ప్రేమతో అనుకునేవు, అదేం కాదు. "తమ్మునికి బిన్నాగా ఫోన్ కొట్టు, నాకు ఎండ తగుల్తాంది" అనె. అంతే. ఎండ పుణ్యం.

మామా ఫోన్ చేసె. ఆయన సల్వా పోయేదానికి, ఇంకొక తాళం వాళ్ళ చిన్నాయన దగ్గర నుంచి తెచ్చేదానికి, ముక్కాలు గంట. ఆ ముక్కాలు గంట నేను ఆ చిన్న గది గడప మీద కూర్చుంటి. అయ్యో తల్లీ. ఉంటాదా, ఉండదా. నిద్ర పోతాంటే నా పని అయిపోయినట్టే, నా ఉద్యోగం ఊడినట్టే. అయినా నిద్రపోతాండాలనే మొక్కుకున్న్యా. ఊళ్ళో దేవుళ్ళందరికీ పేరు పేరునా మొక్కినా. గైడమ్మ నా పక్కన వచ్చి కూర్చొని నీళ్ళిచ్చె, మొదట నాకు, ఆమీట వాళ్ళకు. "నీ చెల్లెలా?" అనె. ఔనంటిని. ఆ కాపలా ఆయన తాళాల గుత్తి జేబులో ఏసుకున్నాడు, సద్దు చెయ్యకుండా. ఎవరూ చెప్పలే ఆయనకు.

ఫోన్ మోగె. మామా వినె, వినె, మొగం తెల్లబడె. "బతికుంది" అనె. "బతికే ఉంది, ఆసుపత్రికి తీసుకపోతాండాడు."

ఏం జరిగిందంటే, ఐదో దినం కరెంటు డబ్బాలో ఫ్యూజు కొట్టేసిందంట. ఆ డబ్బా ఉండేది బయట గోడకు. ఆ యమ్మ లోపల. రెండు అడుగుల దూరం, మధ్యన తలుపు. ఏసీ లేదు, ఫోనుకు చార్జింగు లేదు. పక్కింటోళ్ళు గూడా ఊళ్ళకు పోయినారు. కిటికీలకు కమ్మీలు, అరిస్తే ఎవరికి? బాత్రూములో నేల మీద పండుకొని, మొగం మీద తడి టవలు ఏసుకొనుండాదంట. ఆ నీళ్ళు గూడా మిద్దెమీది ట్యాంకువే గదా, మసలతాంటాయి. ఇంకొక దినమైంటే లేదన్నారు డాక్టర్లు.

సరే, తెలిసింది గదా, మామా ఏం చేసిందనుకుంటాండావు? కండ్లు తుడుచుకొని, గడియారం చూసుకొని, "ఇంకా నలభై నిమిషాలుండాది, మిగతాది చూపించు" అనె గైడమ్మతో. చెడ్డది గాదు మామా. నా కూతురి కాన్పుకు బంగారు గాజులు పంపించిన మనిషి. కానీ ఇచ్చిన డబ్బుకు చూడాల్సింది చూడాల గదా! నేను లేచినా. చంక కింద చెయ్యేసి పెద్దమామాను లేపినా. ఏం చేస్తా, నేనే లేపాల.

అప్పుడు చూపించినారు ఆ మనుషుల్ని. బూడిద గట్టిపడి, లోపల మనిషి కరిగిపోయి, ఖాళీ ఉంటాదంట. దాంట్లో సున్నం మాదిరిది పోసి తీస్తే మనిషే. వేళ్ళు, బట్ట మడతలు, అంతా. నువ్వూ చూస్తావులే. ఒకామె గుడ్డ మొగానికి అడ్డం పెట్టుకొని పండుకోనుండాది. నాకు అది రెండు వేల ఏండ్ల నాటి మనిషి కాదమ్మే. టవలే కనపడె.

వచ్చినాక ఆసుపత్రికి పోయినా. రమణమ్మ చేతికి సెలైను, పెదవులు పగిలి. నన్ను చూసి నవ్వె, దాని నవ్వు యాడ పోతాది. ఆమీట అనె. కోపంగా గూడా కాదు, గుర్తు తెచ్చుకుంటాన్నట్టు: "తాళం తిప్పింది నువ్వే గదక్కా."

ఔనన్న్యా.

ఊరికి పాయె. ఇప్పుడు బట్టలు కుట్టుకుంటాంది. మాట్లాడతాది నాతో, శుక్రవారం శుక్రవారం. కానీ చలికాలంలో గూడా తలుపు ఏసుకోదంట. కుక్కలొస్తాండాయని మొగుడు గోల, "నువ్వుండావు గదా, తరుము" అంటాదంట. నేను? మామా నన్ను పంపలే. వాళ్ళమ్మను ఎవరు లేపాల? ఆమీట రెండేండ్లు ఆ ఇంట్లోనే ఉంటి, సిగ్గు లేకుండా. కానీ వచ్చిన మొదటి శుక్రవారం ఈడికే, ఈ బ్నీద్ అల్ గార్ పేటకే వచ్చి, మూడు తలుపులకూ మారు తాళంచెవులు చేయించి, బియ్యం డబ్బాలో అడుగున పెట్టినా. లోపల ఎవరుంటే వాళ్ళకు. ఆమీట పనికి వచ్చిన పాపకు మొదటి దినం వంటిల్లు కాదు, ఆ డబ్బా చూపించినా.

ఇప్పుడు నువ్వు చెప్పు భార్గవీ. మీ ఇంట్లో ఇంకొక పాప ఉండాది గదా, గోదారి పిల్ల, సత్యవేణి. ఇటలీకి ఆ పిల్ల గూడా వస్తాందా?

...

రాదు. మరి యాడుంటాది?

...

తల దించుకోవద్దు, నిన్ను తిట్టడానికి చెప్పలే. నేనేమన్నా తక్కువ తిన్నానా. ఎవరు ఏస్తారు తాళం ఎల్లుండి? చెప్పొద్దులే, గుత్తి గలగలమన్నప్పుడే తెలిసె. మీ మామా కారులో కూర్చుంటాది. దొరసాని చెయ్యి పెట్టదు.

ఆ గుత్తి ఇట్ల తే. ముందు తలుపుది ఏది? ఇదా, పసుపుది? ఎనకదో? రెండూ తీ. కిందనే ఉండాడు తాళంచెవుల మలబారీ ఆయన. జుమ్మా నమాజు అయినాక నాలుగింటికి తెరుస్తాడు, అర్ధగంట పని. కరెంటు డబ్బా యాడుండాదో గూడా ఆ పిల్లకు చూపించు. లే, చెప్పులేసుకో. భయపడతాండావా? పడు, రొంత భయముండాలలే, నాకూ ఉండాది. మామాకు తెలిస్తే ఏమంటాదో ఏమో... ఏమన్నా అననీ.

చల్లగుండు తల్లీ. పో, ఆ ఊరంతా తిరిగి చూసి రా, ఆ గైడమ్మ ఇంకా ఉంటే చెంగమ్మ అడిగిందని చెప్పు. నీ చేత్తో ఏసిన తలుపు ఏదైనా సరే, లోపలున్నామె తీసుకోగలిగినట్టే ఉండాల, అదే నా దీవెన. నా చెయ్యి రొంత పట్టుకో, నాకూ మోకాళ్ళు పోయినాయి, ఈ మెట్లు... ఆ, అట్ల కాదు, చంక కింద. ఎడమ కాలు ముందు...